చదవడం, తర్కించడం, తీర్పు చెప్పడం: న్యాయవిద్య ప్రవేశ పరీక్షకు మన పిల్లల సన్నాహం

(ఖమ్మం, భద్రాచలం ప్రాంతాలలో న్యాయవిద్య ప్రవేశ పరీక్షలకు సిద్ధమవుతున్న విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం)



 ఇల్లెందు, మణుగూరు, చర్ల, దుమ్ముగూడెం వంటి దూర ప్రాంతాల నుండి బస్సులలో వచ్చిన తల్లిదండ్రులకు ప్రత్యేక కృతజ్ఞతలు. న్యాయవిద్య ప్రవేశ పరీక్షలలో మన పిల్లలను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నవి రెండు విషయాలు. ఒకటి, గద్యాంశాన్ని చదివి అర్థం చేసుకోవడం. రెండు, తర్కించి సరైన నిర్ణయానికి రావడం. ఈనాటి మాట ఈ రెండింటికే పరిమితం.

ముందుగా ఒక సంగతి గమనించండి. వకీలు, వకాల్తా, దావా, దస్తావేజు, జామీను, జప్తు, హాజరు, ఫిర్యాదు, ముద్దాయి, ఖైదు, రాజీనామా, రద్దు. తెలుగు నేలపై ఏ న్యాయస్థానం ఆవరణలో నిలబడినా వినిపించే మాటలివి. ఇవన్నీ అరబ్బీ, ఫార్సీల నుండి ఉర్దూ మీదుగా తెలుగులోనికి వచ్చి స్థిరపడినవి. న్యాయస్థానపు భాషలో ఇంతటి భాగం మన ఇళ్ళలోని భాషే. అయినా ఆ ఆవరణలో నల్లకోటు ధరించి నిలబడిన మన పిల్లలెందరు? కక్షిదారులుగా, సాక్షులుగా, జామీనుదారులుగా మనం తరచుగా కనిపిస్తాము. వాదించేవారిగా అరుదుగా కనిపిస్తాము. ఈ లోటును పూరించే దారికి తొలి ద్వారం ప్రవేశ పరీక్ష.

రెండు పరీక్షలు, రెండు స్వభావాలు

మన పిల్లల ముందు ప్రధానంగా రెండు పరీక్షలున్నాయి. మొదటిది రాష్ట్ర స్థాయి లాసెట్. ఇందులో 120 ప్రశ్నలు, 90 నిమిషాల వ్యవధి. సామాన్య పరిజ్ఞానం, మానసిక సామర్థ్యం కలిపి 30, వర్తమాన విషయాలు 30, న్యాయవిద్య పట్ల అభిరుచిని పరీక్షించేవి 60. తప్పు సమాధానానికి మార్కులు తగ్గించరు. ఉత్తీర్ణతకు 35 శాతం, అంటే 120కి 42 మార్కులు రావాలి. తెలంగాణ లాసెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ, ఉర్దూలోనూ లభిస్తుంది. ఇంటర్మీడియట్ తర్వాత ఐదేళ్ళ కోర్సుకు, డిగ్రీ తర్వాత మూడేళ్ళ కోర్సుకు ఈ పరీక్ష ద్వారానే ప్రవేశం. అయితే 42 మార్కులు వస్తే చాలునని సంతృప్తి పడరాదు. అవి అర్హతను మాత్రమే ఇస్తాయి. ఉస్మానియా న్యాయ కళాశాలలోనో, హనుమకొండ సుబేదారిలోని కాకతీయ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలోనో తక్కువ ఫీజుతో సీటు రావాలంటే మంచి ర్యాంకు కావాలి.

రెండవది జాతీయ స్థాయి క్లాట్. ఇది 2008లో ప్రారంభమైనది. ఇటీవలి సంవత్సరాలలో డిసెంబరు తొలి ఆదివారం నాడు జరుగుతున్నది. శామీర్‌పేటలోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వంటి సంస్థలకు ఇదే దారి. డిగ్రీ స్థాయి క్లాట్‌లో 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. ఒక్కొక్క తప్పుకు పావు మార్కు కోత. 2020 నుండి ఈ పరీక్ష స్వరూపం పూర్తిగా మారింది. కంఠస్థం చేసి రాయగల ప్రశ్నలు దాదాపుగా పోయాయి. సుమారు 450 పదాల గద్యాంశాన్ని ఇచ్చి, దాని క్రింద వరుసగా ప్రశ్నలు అడుగుతారు. ఇంగ్లీషు విభాగం 22 నుండి 26 ప్రశ్నలు, తర్కం 22 నుండి 26, న్యాయ తర్కం 28 నుండి 32, వర్తమాన విషయాలు 28 నుండి 32, గణితం 10 నుండి 14. చివరి విభాగంలో సైతం ముందు ఒక వివరణో పట్టికో చదివిన పిమ్మటే లెక్క చేయాలి. కనుక క్లాట్ ఆద్యంతమూ చదివే పరీక్ష.

ఈ పరీక్ష ఇంగ్లీషులో మాత్రమే జరుగుతుంది. దీనిని భారతీయ భాషలలోనూ నిర్వహించాలని 2023లో ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం దాఖలైనది. ఆ కోరిక న్యాయమైనదేనని మా అభిప్రాయం. తెలుగు మాధ్యమంలోనో, ఉర్దూ మాధ్యమంలోనో చదివిన బిడ్డ బుద్ధికి లోటు లేదు, ఇంగ్లీషు పరిచయానికి మాత్రమే లోటు. పరీక్ష ఏ బుద్ధిని కొలవాలో దానినే కొలవాలి. అమెరికాలో ఎల్‌శాట్ అనే ప్రవేశ పరీక్షలో పటాలు గీసుకొని సాధించవలసిన తర్కపు చిక్కుముడుల విభాగం ఉండేది. చూపులేని అభ్యర్థి ఒకరు దావా వేయగా 2019లో రాజీ కుదిరి, 2024 ఆగస్టు నుండి ఆ విభాగాన్ని తొలగించారు. తర్కము, పఠనము మాత్రం మిగిలాయి. అడ్డంకిని ప్రశ్నించడం ఒక పని, అది తొలగేలోగా దాటడానికి సిద్ధపడడం మరొక పని. రెండూ ఏకకాలంలో జరగవలసినవే.

చదవడం అంటే ఏమిటి

క్లాట్‌లో ఒక గద్యాంశానికి ఐదు ప్రశ్నలున్నాయనుకుందాం. ప్రశ్నకొక నిమిషం చొప్పున ఐదు నిమిషాలు. అందులో గద్యాంశం చదవడానికి రెండు నిమిషాలు పోతే ప్రశ్నలకు మిగిలేవి మూడే. రెండు నిమిషాలలో 450 పదాలు చదవాలంటే నిమిషానికి 225 పదాల వేగం కావాలి. మన పిల్లలలో పలువురు ఇంగ్లీషును లోలోపల పలుకుతూ, తెలుగులోనికి మార్చుకుంటూ చదువుతారు. అందుచేత ఆ వేగం రాదు. రోజూ అరగంట విడువకుండా చదివితే కొన్ని నెలల్లో ఈ అలవాటు సడలుతుంది. దీనికి అడ్డదారి లేదు.

వేగం కన్నా ముఖ్యమైనది నిశితత్వం. మేము కచేరీలో ఫైళ్ళ మధ్య జీవితం గడిపిన వాళ్ళం. ప్రభుత్వ ఉత్తర్వును చదివేటప్పుడు పెద్ద మాటల కన్నా చిన్న మాటలను చూడాలని అక్కడ అబ్బుతుంది. ‘అయితే’, ‘తప్ప’, ‘మాత్రమే’, ‘వరకు’, ‘లోబడి’, ‘చేయవచ్చును’, ‘చేయవలెను’. ఒక కుటుంబానికి పింఛను వచ్చేదీ రానిదీ ఈ చిన్న మాటలే తేల్చేవి. పరీక్షలోని గద్యాంశమూ అంతే. తప్పు సమాధానాన్ని తయారుచేసేవారు గద్యాంశంలోని మాటలనే వాడి, ‘కొన్ని’ అన్న చోట ‘అన్ని’ అని, ‘అవకాశమున్నది’ అన్న చోట ‘నిశ్చయం’ అని మార్చి పెడతారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2025 వక్ఫ్ సవరణ చట్టంపై సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఐదేళ్ళుగా ఇస్లాంను ఆచరిస్తున్నవారే వక్ఫ్ చేయాలన్న నిబంధనను, ప్రభుత్వ భూమి వివాదంలో నియమిత అధికారికి దఖలు పరచిన కొన్ని అధికారాలను నిలిపివేసింది. చట్టం మొత్తాన్ని నిలిపివేయడానికి నిరాకరించింది. ఇప్పుడు నాలుగు వాక్యాలు: ‘కోర్టు చట్టాన్ని కొట్టివేసింది.’ ‘కోర్టు చట్టాన్ని సమర్థించింది.’ ‘కోర్టు కొన్ని నిబంధనలను తాత్కాలికంగా నిలిపింది.’ ‘కోర్టు తుది తీర్పు ఇచ్చింది.’ వీటిలో మూడవది మాత్రమే సరైనది. మొదటి వాక్యం నమ్మినవారు ఇక భయం లేదని పత్రాలు సిద్ధం చేసుకోక నష్టపోతారు. రెండవది నమ్మినవారు ఆశ వదులుకొని నష్టపోతారు. సరిగా చదవడం పరీక్షకు ఎంత అవసరమో, మసీదు కమిటీకి, ఖబరస్తాను కమిటీకి అంతే అవసరం.

ఇదే చట్టంలో మన ప్రాంతానికి సంబంధించిన నిబంధన ఒకటున్నది. రాజ్యాంగపు ఐదవ, ఆరవ షెడ్యూళ్ళ క్రింద షెడ్యూల్డు తెగలవారికి చెందిన భూమిని వక్ఫ్‌గా ప్రకటించరాదని దాని సారాంశం. దీనిని తొందరగా చదివినవారు ‘ఏజెన్సీలో ఇక వక్ఫ్ అనేదే ఉండదు’ అంటారు. నిబంధన చెప్పినది షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రతి అంగుళం గురించి కాదు, ఆదివాసులకు చెందిన భూమి గురించి. ఈ తేడాను పట్టుకున్న విద్యార్థికి పఠన విభాగంలో మార్కు వస్తుంది. ఈ తేడాను పట్టుకున్న న్యాయవాది వల్ల ఒక ఊరి పాత ఖబరస్తానుకు తగిన వాదన దొరుకుతుంది.

తర్కం మన వారసత్వమే

తర్కం కొందరికే పుట్టుకతో వస్తుందని మన ఇళ్ళలో ఒక అపోహ ఉన్నది. నిజానికి మన ధర్మశాస్త్ర సంప్రదాయమంతా తర్కం మీద నిలిచినదే. ఇమాం అబూ హనీఫా, ఇమాం షాఫయీ వంటి మహనీయులు ఖియాస్ అనే పద్ధతిని నియమబద్ధంగా నడిపించారు. దానికి నాలుగు అంగాలు: అస్ల్, అంటే తీర్పు ముందే ఉన్న మూల విషయం. ఫర్అ్, అంటే మన ముందుకు వచ్చిన కొత్త విషయం. ఇల్లత్, అంటే ఆ రెండింటినీ కలిపే కారణం. హుక్మ్, అంటే తీర్పు. ద్రాక్షసారాయి నిషిద్ధం. కారణం మత్తు. మన మన్యంలోని ఇప్పసారాను గూర్చి గ్రంథాలలో పేరు పెట్టి చెప్పలేదు. అయినా దానిలోనూ మత్తు ఉన్నది గనుక అదే తీర్పు వర్తిస్తుంది. క్లాట్‌లో న్యాయ తర్క విభాగం అడిగేది సరిగ్గా ఈ పనే. ఒక సూత్రం ఇస్తారు, ఒక సంఘటన ఇస్తారు, సూత్రంలోని కారణం సంఘటనలో ఉన్నదో లేదో చూడమంటారు.

హదీసు శాస్త్రంలో ఇస్నాద్ పరిశీలన ఉన్నది. ఎవరు చెప్పారు, ఎవరి నుండి విన్నారు, వారిద్దరూ కలుసుకునే అవకాశం ఉన్నదా, వారి జ్ఞాపకశక్తి ఎటువంటిది అని ఒక్కొక్క లంకెనూ పరీక్షించారు మన పూర్వులు. వారి వారసులమైన మనం ఫోనులో వచ్చిన ప్రతి సందేశాన్నీ చూడకుండానే పదిమందికి పంపడం విచారకరం.

ఇక తర్క ప్రశ్నల రకాలు. ప్రతి వాదంలోనూ మూడు భాగాలుంటాయి: పైకి చెప్పిన ఆధారం, చెప్పకుండా దాచిన ఊహ, చివరి నిర్ణయం. ప్రశ్నలు వీటి చుట్టూనే తిరుగుతాయి. రచయిత నిర్ణయం ఏది? అతడు ఏమి ఊహించుకున్నాడు? ఏ సంగతి తెలిస్తే వాదం బలపడుతుంది? ఏది తెలిస్తే బలహీనపడుతుంది? మన ప్రాంతం నుండే ఉదాహరణలు తీసుకుందాం.

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఎగురవేస్తారని చిన్నపిల్లలకు కూడ తెలుసు. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన వరదలను పెద్దలు మరువలేదు. సూత్రం: ‘నీరు 53 అడుగులకు చేరితే మూడవ హెచ్చరిక ఉంటుంది.’ మూడవ హెచ్చరిక లేదంటే నీరు 53కు చేరలేదని చెప్పవచ్చునా? చెప్పవచ్చు. మరి, ‘నీరు 53కు చేరితే లోతట్టు వీధుల వారిని తరలిస్తారు. ఈనాడు తరలించారు. కనుక నీరు 53కు చేరింది.’ ఇది సరైనదేనా? కాదు. ముందు జాగ్రత్తగా అంతకుముందే తరలించి ఉండవచ్చు. ‘ఇది ఉంటే అది ఉంటుంది’ అన్న మాటను ‘అది ఉంటే ఇది ఉంటుంది’ అని తిరగేసి చదవడం పరీక్షలో పిల్లలు ఎక్కువగా పడే గొయ్యి. అలాగే, ‘వకీళ్ళందరూ పట్టభద్రులు. పట్టభద్రులలో కొందరు కవులు. కనుక వకీళ్ళలో కొందరు కవులు.’ వినడానికి బాగున్నది గాని నిలవదు. ఆ కవులందరూ ఉపాధ్యాయులే కావచ్చు.

రెండవ ఉదాహరణ. పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్నను గోల్కొండ ప్రభువు తానీషా ఖైదు చేయించాడు. దీని మీద ఒక వాదం వింటుంటాం: ‘తానీషా ముస్లిం, గోపన్న రామభక్తుడు, కనుక ఖైదుకు కారణం మతద్వేషం.’ ఇందులో దాచిన ఊహ ఏది? పాలకుడు, శిక్షితుడు వేర్వేరు మతాల వారైతే శిక్షకు మతమే కారణమని. దీనిని బలహీనపరచే సంగతులేవి? తానీషా ప్రధానామాత్యుడైన మాదన్న బ్రాహ్మణుడు. గోపన్నకు తహసీల్దారు పదవి ఇచ్చినదీ ఆ ప్రభుత్వమే. ఖైదుకు చెప్పుకునే కారణం సర్కారు శిస్తు సొమ్మును అనుమతి లేకుండా గుడికి వెచ్చించడం. శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారాన్ని సంప్రదాయం తానీషాకే ముడిపెడుతుంది. కనుక ఆ వాదం బలహీనపడింది. అయితే ఇక్కడే మన పిల్లలు జాగ్రత్త పడాలి. వాదం బలహీనపడినంత మాత్రాన దాని వ్యతిరేకం రుజువు కాదు. తానీషా తప్పు చేయనే లేదని ఈ ఆధారాలతో తేలదు. మనకు ఇష్టమైన వైపుకు ఒక అడుగు ఎక్కువ వేసినా మార్కు పోతుంది.

మూడవ ఉదాహరణ మన రిజర్వేషన్. ‘ముస్లింలకు ఇచ్చిన 4 శాతం మతం ప్రాతిపదికన ఇచ్చినది, కనుక చెల్లదు’ అనే వాదం ఉన్నది. 2007 చట్టంలో బీసీ-ఇ వర్గం క్రింద షేక్, ఖురేషీ, ఫకీరు, హజాం, ధోబీ ముస్లిం, అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు వంటి వెనుకబడిన వర్గాలను చేర్చి, సయ్యదులు, పఠాన్లు, మొఘల్, ఇరానీ, బోహ్రా, ఖోజా వంటి వారిని మినహాయించారు. ఈ సంగతి ఆ వాదాన్ని బలపరుస్తుందా, బలహీనపరుస్తుందా? మతమే ప్రాతిపదిక అయితే ఆ మతంవారు అందరూ ఉండాలి. కొందరిని మినహాయించారంటే ప్రాతిపదిక మరొకటి ఉన్నదని అర్థం. కనుక బలహీనపరుస్తుంది. అటుపక్క వాదన కూడ చెప్పగలగాలి: వెనుకబాటును నిర్ధారించిన సర్వే పద్ధతి సరిగా లేదని తేలితే మన పక్షం బలహీనపడుతుంది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో రిజర్వేషన్ కొనసాగుతున్నది. అర్హులైన పిల్లలు లాసెట్ కౌన్సెలింగులో దీనిని వినియోగించుకోవాలి. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం చివరి రోజుల వరకు ఆపుకోరాదు.

మనసు ఒకవైపు, గద్యాంశం మరొకవైపు

ఈ విషయం మన పిల్లలకు తప్పక చెప్పాలి. పరీక్షలోని గద్యాంశం ఏ విషయం మీదనైనా ఉండవచ్చు. ఉమ్మడి పౌరస్మృతి, తలాఖ్, హిజాబ్, పౌరసత్వం, దేశ విభజన. రచయిత మనకు నచ్చని మాట అనవచ్చు, మనసు నొప్పించనూ వచ్చు. ప్రశ్న మాత్రం రచయిత ఏమన్నాడని ఉంటుంది, మీరేమంటారని ఉండదు. కోపంతో చదివిన కన్ను ‘కొన్ని’ని ‘అన్ని’గా చూస్తుంది. ఎదుటివాని మాటను అతడు ఒప్పుకునేంత సరిగ్గా తిరిగి చెప్పగలగడం న్యాయవాదికి తొలి అర్హత. ఇరుపక్షాలనూ వినకుండా తీర్పు చెప్పరాదన్నది మన ధర్మం నేర్పిన మర్యాద కూడ. నచ్చని మాటను నిదానంగా చదవగల ఓర్పు అలవడిన బిడ్డ పరీక్ష గదిలోనే గాక బజారులోనూ, చర్చలలోనూ సంఘానికి రక్షణ అవుతాడు.

ఈ ఓర్పును మన మన్యపు చట్టం మీదనే అభ్యసించవచ్చు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. మనమంతా 1/70 చట్టమని పిలుస్తాం. దాని సూత్రం ఇది: షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తిని ఎవరు బదలాయించినా, గిరిజనునికో, గిరిజనులు మాత్రమే ఉన్న సహకార సంఘానికో తప్ప మరెవరికి చేసినా ఆ బదలాయింపు చెల్లదు. బదలాయింపు అంటే అమ్మకం, దానం, కౌలు, తాకట్టు, మార్పిడి. వారసత్వంగా సంక్రమించడం, పంపకం బదలాయింపు క్రిందికి రావు.

ఇప్పుడు సంఘటన: షెడ్యూల్డు ప్రాంతంలో ఒక గిరిజనేతర తండ్రికి చట్టబద్ధంగా సంక్రమించిన ఇల్లున్నది. దానిని కూతురికి హిబా చేస్తూ దస్తావేజు రాశాడు. చెల్లుతుందా? హిబా అంటే దానం, దానం బదలాయింపు, కూతురు గిరిజనురాలు కాదు, కనుక చెల్లదు. అదే తండ్రి ఏమీ రాయకుండా మరణిస్తే, వారసత్వపు వాటా ఆమెకు సంక్రమిస్తుందా? సూత్రం ప్రకారం సంక్రమిస్తుంది. ‘తండ్రి కూతురికి ఇస్తే తప్పేమిటి’ అని మన మనసు అంటుంది. పరీక్ష మనసును అడగదు, సూత్రాన్ని అడుగుతుంది. ఈ ఒక్క తేడా తెలియక దస్తావేజులకు డబ్బు పోసిన కుటుంబాలు మన్యంలో ఉన్నాయి.

ఈ చట్టాన్ని మన మీద పగగా చూడరాదు. ఆదివాసుల భూమి అప్పుల పేరిట, అమ్మకాల పేరిట చేజారిపోతుంటే దానిని నిలిపేందుకు వచ్చినది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతపు ప్రభుత్వ భూములను సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని చెప్పినదీ ఇదే నిబంధన ఆధారంగా. దుకాణాలు పెట్టుకొని, మెకానిక్కు పనులు చేసుకొని కోయ సోదరుల నడుమ బ్రతుకుతున్న మనం వారి హక్కును గౌరవిస్తూనే మన హక్కును అడగాలి. మన బిడ్డ న్యాయవాది అయిన నాడు కోయ రైతు వకాల్తా కూడ స్వీకరించాలి. బలహీనుల పక్షమంతా ఒక్కటే పక్షమని నమ్మితేనే మైనారిటీ హక్కుల మాటకు బలం.

ఎలా సాధన చేయాలి

రోజుకు గంటన్నర చాలు, తప్పకపోవడం ముఖ్యం. మొదటి అరగంట ఒక ఇంగ్లీషు పత్రిక సంపాదకీయం చదవాలి. చదివిన పిమ్మట పత్రిక మూసి, రచయిత నిర్ణయాన్ని ఒక వాక్యంలో, దానికిచ్చిన ఆధారాలను రెండు వాక్యాలలో రాయాలి. మొదట తెలుగులో రాసినా ఫరవాలేదు, అర్థం పట్టుబడాలి. రెండవ అరగంట పది తర్క ప్రశ్నలు. మూడవ అరగంట, తప్పిన ప్రశ్నలకే కేటాయించాలి. ఒక నోటుపుస్తకంలో ఏ ప్రశ్న తప్పింది, ఎందుకు తప్పింది అని రాయాలి. తొందరపడ్డానా, మాట అర్థం కాలేదా, ‘మాత్రమే’ను చూడలేదా, నా అభిప్రాయాన్ని చొప్పించానా? నెల తిరిగేసరికి ఎవరి లోపం ఎక్కడున్నదో ఆ పుస్తకమే చెబుతుంది. వారానికొకసారి గడియారం పెట్టుకొని పూర్తి పరీక్ష రాయాలి.

క్లాట్‌లో ఊహించి రాయడానికి ఒక లెక్క ఉన్నది. నాలుగింటిలో రెండు తప్పని నిశ్చయంగా తెలిస్తే మిగిలిన రెంటిలో ఒకటి గుర్తించవచ్చు. అటువంటి నాలుగు ప్రశ్నలలో సగటున రెండు ఒప్పయి రెండు తప్పినా ఒకటిన్నర మార్కు మిగులుతుంది. ఏదీ తెలియని ప్రశ్న మీద సమయం వెచ్చించడం దండగ. లాసెట్‌లో కోత లేదు గనుక ఒక్క ప్రశ్న కూడ వదలరాదు. అక్కడ ప్రశ్నకు 45 సెకన్లే ఉంటాయి.

ఖరీదైన కోచింగు లేదని దిగులుపడే తల్లిదండ్రులకు ఒక మాట. పాత ప్రశ్నపత్రాలు, నమూనా పత్రాలు క్లాట్ నిర్వాహక సంఘం ఉచితంగానే అందుబాటులో ఉంచుతున్నది. సుప్రీంకోర్టు తీర్పులు ఉచితంగా లభిస్తున్నాయి, కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. కేరళలోని కొల్లంకు చెందిన న్యాయాచార్యుడు షమ్నాద్ బషీర్ 2010లో ఇడియా అనే సంస్థను స్థాపించి, పేద కుటుంబాల పిల్లలకు క్లాట్ శిక్షణ ఇప్పించే పని ప్రారంభించారు. క్లాట్ నిర్వహణలోని లోపాలపై 2015లో సుప్రీంకోర్టుకు వెళ్ళినదీ ఆయనే. 2019లో ఆయన కన్నుమూసినా ఆ పని సాగుతున్నది. అర్హులైన పిల్లలు ఆ సంస్థను సంప్రదించాలి.

ఇంటి బాధ్యత, సంఘ బాధ్యత

తల్లిదండ్రులారా, కొడుకును దుకాణంలో కూర్చోబెట్టి, కూతురిని వంటింటికి పంపి, మిగిలిన సమయంలో చదువుకోమంటే సాగదు. సాయంత్రం గంటన్నర ఆ బిడ్డదని ఇల్లంతా ఒప్పుకోవాలి. ఆ వేళలో టీవీ ఆగాలి. ముఖ్యంగా ఆడపిల్లల సంగతి. సుప్రీంకోర్టులో తొలి మహిళా న్యాయమూర్తి ఎవరు? 1989లో ఆ పీఠమెక్కిన జస్టిస్ ఫాతిమా బీవీ, కేరళకు చెందిన ముస్లిం మహిళ. తలాఖ్, మెహర్, భరణం, వారసత్వ వాటా వంటి విషయాలలో మన ఆడబిడ్డ మగ వకీలు ముందు నోరు విప్పలేక సగం సంగతి దాచుకొని కేసు పోగొట్టుకుంటున్నది. ఆమె మాట వినడానికి మరొక ఆడబిడ్డ కావాలి. లాసెట్‌కు వయోపరిమితి లేదు గనుక డిగ్రీ చదివి ఇంటి పట్టున ఉన్న కోడళ్ళు, తల్లులు సైతం మూడేళ్ళ కోర్సుకు ఆలోచించవచ్చు.

మసీదు కమిటీల పెద్దలకు మా విన్నపాలు మూడు. ఒకటి, ప్రతి పట్టణంలో ఒక గదిని సాయంత్రం వేళ చదువుకు ఇవ్వండి. రెండు పత్రికలు, ఒక రాజ్యాంగ ప్రతి, పాత ప్రశ్నపత్రాల కట్ట ఉంచితే చాలు. ఆడపిల్లలకు వేరు సమయం కేటాయించండి. రెండు, క్లాట్ దరఖాస్తు రుసుము వేలలో ఉన్నది, దానికి భయపడి ఆగిపోయే బిడ్డలుంటారు. జకాత్ అర్హులైన వారికి జకాత్ నుండి, తక్కినవారికి సదఖా నుండి సాయం చేయండి. మూడు, పట్టాతో తిరిగివచ్చిన యువ న్యాయవాదికి తొలి సంవత్సరాలు గడ్డుకాలం. కమిటీ దస్తావేజుల పనీ, సంప్రదింపుల పనీ అటువంటివారికి అప్పగించండి. మైనారిటీ సంక్షేమ శాఖ న్యాయ పట్టభద్రులకు భృతితో శిక్షణనిచ్చే పథకం ప్రకటనలు వెలువడినప్పుడు కనిపెట్టి పిల్లలకు తెలియజేయండి.

సరిహద్దు మండలాల వారికి మరొక హెచ్చరిక. 2014లో పోలవరం నిమిత్తం చింతూరు, కూనవరం, వర రామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలపు గ్రామాలు, బూర్గంపాడు మండలంలో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ఇరు రాష్ట్రాలకు లాసెట్ వేర్వేరు. పిల్లవాడు ఎక్కడ చదివాడన్న దానిని బట్టి స్థానికత నిర్ణయమవుతుంది. దరఖాస్తుకు ముందే చదువు ధ్రువీకరణ పత్రాలు సరిచూసుకోండి.

విద్యార్థులారా, మన ప్రవక్తకు (సల్లల్లాహు అలైహి వసల్లం) అందిన తొలి ఆదేశమే చదవమని. చదవడమంటే అక్షరాల మీద కన్ను నడిపించడం కాదు. చెప్పినదేమిటో, చెప్పనిదేమిటో, చెప్పినట్టు మనం ఊహించుకున్నదేమిటో విడదీసి చూడడం. ఆ శక్తి అలవడితే పరీక్ష గెలుస్తారు. ఒకవేళ ఈ ఏడు సీటు రాకపోయినా ఆ శక్తి మీ వద్దనే ఉంటుంది. నోటీసు చదవగలరు, అర్జీ రాయగలరు, అబద్ధాన్ని పట్టుకోగలరు. వచ్చే ఏడు మళ్ళీ రాయగలరు.

అల్లాహ్ మీ కళ్ళకు నిశితత్వాన్ని, మీ బుద్ధికి న్యాయాన్ని, మీ నాలుకకు సత్యాన్ని ప్రసాదించుగాక. మీ చేతుల మీదుగా ఈ మన్యంలోని ప్రతి బలహీనునికీ న్యాయం అందుగాక. ఆమీన్.

వస్సలాం.